చేతిబ్రేకు కింది నట్టు

వెనక చక్రం డిస్కు బ్రేకు ముందు చక్రం బ్రేకు లాంటిది కాదు. ముందు చక్రానికి ఒకటే పని. కాలితో తొక్కితే పట్టుకోవాలి, కాలు తీస్తే వదలాలి. వెనక చక్రానికి ఇద్దరు యజమానులు: కాలు, చెయ్యి. కాలు చెప్పే మాట బ్రేక్ ఆయిల్ మోసుకొస్తుంది, చెయ్యి చెప్పే మాట ఇనుప తీగ లాక్కొస్తుంది. మా కారులో ఆ రెండూ ఒకే క్యాలిపర్‌లో, ఒకే పిస్టన్ మీద కలుస్తాయి. ఈ సంగతి తెలియకుండానే నేను వెనక ప్యాడ్లు, డిస్కులు సొంతంగా మార్చాను. తెలియకపోతే తెలుసుకోవచ్చు. నేను తెలుసుకోలేదు. పట్టేసిన చక్రంతో ఇంటిల్లిపాదినీ తిప్పాను. నా చేత్తో జరిగిన దానికి ఒక దుకాణదారును నలుగురిలో నిలదీశాను, ఆయన అడిగిన ప్రశ్నకు అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం కోసమే ఇదంతా రాస్తున్నాను.

మోస్రాలో నాది ఎరువులు, పురుగుమందుల దుకాణం. మా నాన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. నిజాం కాలంలో, 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. దాని చుట్టూ వెలిసిన శక్కర్‌నగర్ క్వార్టర్లలో నా చిన్నతనం గడిచింది. చలికాలమంతా చెరుకు ఆడేవాళ్లు. సీజన్ అయిపోయి ఎండలు ముదిరాక మిల్లులు విప్పి, రోలర్లు, బేరింగులు బయటికి తీసి మరమ్మతులు చేసేవాళ్లు. నాన్న ఏ ముక్క విప్పినా ముందు దాని మీద పంచ్‌తో ఒక చుక్క కొట్టేవాడు, అది కూర్చున్న చోట ఇంకో చుక్క. మళ్లీ బిగించేటప్పుడు చుక్కకు చుక్క ఎదురు రావాలి. ఇంట్లో సైకిల్ విప్పినా అదే పద్ధతి. అది చూస్తూ పెరిగాను కాబట్టి పని నాకూ వచ్చనుకున్నాను. చూసినవాడికీ చేసినవాడికీ మధ్య ఎంత దూరం ఉంటుందో, నాన్న దాన్ని ఎన్నేళ్ల చాకిరీతో దాటాడో ఎప్పుడూ ఆలోచించలేదు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నాన్న కూడా ఇప్పుడు లేడు. ఆయన పానాల పెట్టె నా దగ్గరుంది. ఆ పెట్టె మూత తీస్తే చాలు, ఆయన చెయ్యి నాకు వచ్చేసినట్టే అనిపించేది.

మా రోడ్ల సంగతి కూడా చెప్పాలి. 1931లో మంజీర మీద కట్టిన నిజాంసాగర్ నీళ్లతో బతికే నల్లరేగడి ప్రాంతం మాది. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో రోడ్డు మీద చెరుకు బండ్లు కనిపించేవి. ఇప్పుడు ఎటు చూసినా వరి. నాట్ల కాలంలో కేజీవీల్ ట్రాక్టర్లు పొలంలోంచి బురదను రోడ్డు మీదికి మోసుకొస్తాయి. కోతల కాలంలో హార్వెస్టరు ఎదురొస్తే రోడ్డు దానిదే. మనం ఎడమ పక్కకు దిగాలి. అంటే ఎడమ చక్రాలు బురదలోకి దిగుతాయి, కుడి చక్రాలు తారు మీదే ఉంటాయి. ఏళ్ల తరబడి అలా దిగీదిగీ మా కారు ఎడమ వెనక చక్రం లోపల, క్యాలిపర్ వెనక, చేతిబ్రేకు తీగ చివరన రేగడి ఎండి గట్టిపడింది. డిస్కుకు గాలి తగలడమే దాని బలం. 1953లో ఫ్రాన్స్‌లోని లే మాన్ రేసులో జాగ్వార్ కార్లు గెలిచి డిస్కు బ్రేకు సత్తా లోకానికి చూపించాయంటే, గంటల తరబడి తొక్కినా అది త్వరగా చల్లబడటమే కారణం. కానీ గాలి వచ్చే దారినే బురదా వస్తుంది. ఎడమ చక్రం, కుడి చక్రం ఒకేలా ముసలివి కావని నేను ఊహించి ఉండాల్సింది.

అసలు తప్పు ప్యాడ్లు మార్చడం కంటే ముందే జరిగింది. కాలువ కట్ట ఎక్కే వాలులో కారు ఆపి చేతిబ్రేకు లాగితే, కారు కొద్దిగా వెనక్కి జరిగేది. లివరు పైదాకా వచ్చేది. సీట్ల మధ్య లివరు చుట్టూ ఉన్న తోలు తొడుగు పైకి లేపితే కింద ఒక నట్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే తీగ బిగుస్తుంది. బిగించాను. లివరు కిందనే పట్టుకుంది. చాలా సంతోషపడ్డాను. కొన్నాళ్లకు మళ్లీ వదులైంది, మళ్లీ బిగించాను. వదులెందుకవుతోందని అడగలేదు. తర్వాత ఆ నట్టు సంగతే మరిచిపోయాను.

ఎందుకు అడగాలో ఇప్పుడు తెలుసు. ఈ రకం క్యాలిపర్‌లో పిస్టన్ లోపల ఒక స్క్రూ ఉంటుంది. చేతిబ్రేకు లాగితే తీగ క్యాలిపర్ మీది చిన్న లివరును తిప్పుతుంది. ఆ లివరు స్క్రూను తోస్తుంది, స్క్రూ పిస్టన్‌ను తోస్తుంది. చేతిబ్రేకు దించితే స్ప్రింగు ఆ చిన్న లివరును వెనక్కి లాగి దాని ఆనుడు దగ్గర కూర్చోబెట్టాలి. ప్యాడ్లు అరిగేకొద్దీ పెరిగే సందును, మనం కాలితో తొక్కిన ప్రతిసారీ ఆ స్క్రూ కొద్దికొద్దిగా సర్దుకుంటూ పోతుంది. అయితే లివరు పూర్తిగా వెనక్కి వచ్చి కూర్చుంటేనే ఆ సర్దుబాటు జరుగుతుంది. తీగను బిగించి నేను దాన్ని కూర్చోనివ్వలేదు. కూర్చోలేదు కాబట్టి సర్దుకోలేదు, సర్దుకోలేదు కాబట్టి చేతిబ్రేకు మళ్లీ వదులైంది, వదులైందని నేను మళ్లీ బిగించాను.

ప్యాడ్లు అరిగిపోయి చక్రం గీరుతున్న చప్పుడు మొదలయ్యాక నిజామాబాద్ వెళ్లి ప్యాడ్లు, రెండు వెనక డిస్కులు కొన్నాను. దుకాణాయన పెట్టె విప్పి చూపించి, డిస్కు అంచు మీద అచ్చు వేసిన కనీస మందం అంకె చూపించి, "పిస్టన్ తిప్పుకుంటనే లోపలికి పంపాలె సార్, గుద్దొద్దు" అన్నాడు. తలూపాను. ఫిట్టర్ కొడుక్కి చెప్తున్నాడేమిటి అనుకున్నాను.

ఇంటికొచ్చి జాకీ పెట్టి చక్రం విప్పాను. పాత ప్యాడ్లు చేతిలోకి వచ్చాయి. ఎడమవైపువి కుడివైపు వాటికంటే బాగా అరిగి, అంచులు నల్లగా మాడి ఉన్నాయి. ఎడమ చక్రం చాన్నాళ్లుగా పట్టుకునే తిరుగుతోందని అవి చెబుతున్నాయి. నేను వాటిని పాత సామాను సంచిలో పడేశాను.

సి-క్లాంప్ పెట్టి పిస్టన్‌ను వెనక్కి నొక్కబోయాను. కదల్లేదు. క్లాంప్ పిడికి ఇనుప గొట్టం తగిలించి బలం పెట్టాను. అప్పుడు దుకాణాయన మాట గుర్తొచ్చి, నోస్ ప్లయర్‌తో తిప్పుతూ లోపలికి పంపాను. వెళ్లింది. పిస్టన్ ముఖం మీద గాడి ఉంటుంది, ప్యాడు వెనక ఉన్న బొడిపె సరిగ్గా ఆ గాడిలో కూర్చోవాలి. అది అదృష్టం కొద్దీ కుదిరింది. క్యాలిపర్ అటూ ఇటూ జారే పిన్నులు రెండింటినీ డీజిల్‌తో కడిగి, ట్రాక్టరుకు వాడే గ్రీజు దట్టంగా పట్టించాను. ఒక పిన్నుకు రబ్బరు తొడుగు ఉంది, రెండో దానికి లేదు. పైది ఏది, కిందది ఏది అన్నది చూసుకోలేదు. చుక్కలు కొట్టలేదు. నాన్న పంచ్ అదే పెట్టెలో, చేతికందే దూరంలో ఉంది.

ఆ రబ్బరు ఈపీడీఎం అనే రకం. బ్రేక్ ఆయిల్‌ను తట్టుకుంటుంది. డీజిల్, మామూలు గ్రీజు లాంటి పెట్రోలియం సరుకు తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది. ఉబ్బిన తొడుగు రంధ్రంలో బిర్రబిగుసుకుంటే క్యాలిపర్ జారదు. దానికోసం సిలికాన్ గ్రీజు వేరే ఉంటుంది, చిన్న ట్యూబులో వస్తుంది. రైతుకు మందు అమ్మేటప్పుడు ఏ మందు దేనితో కలపకూడదో పొద్దున లేస్తే చెప్పేది నేనే.

డిస్కు బ్రేకులో ఒక అందమైన ఏర్పాటు ఉంది. డ్రమ్ము బ్రేకులో కాలు తీయగానే స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి. డిస్కు బ్రేకులో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు లేదు. పిస్టన్ చుట్టూ నలుచదరపు అంచుల రబ్బరు రింగు ఉంటుంది. తొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతుంటే ఆ రింగు దాన్ని అంటిపెట్టుకుని కొద్దిగా వంగుతుంది. కాలు తీస్తే నిటారవుతూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంతే, ఆ వెంట్రుకవాసే చక్రానికి స్వేచ్ఛ. అది దొరకాలంటే పిస్టన్ కదలాలి, పిన్నులు జారాలి, ప్యాడు చెవులు వాటి గాళ్లలో వదులుగా కూర్చోవాలి, చేతిబ్రేకు లివరు పూర్తిగా వెనక్కి రావాలి. ఇందులో రెండింటిని నేను నా చేత్తో చెడగొట్టి, చక్రం బిగించాను. పాత ప్యాడ్లు పలచగా ఉన్నంత కాలం బిగిసిన తీగ కొంత వరకే పట్టుకుంది. మందపాటి కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కు వచ్చేసరికి లోపల చోటే లేకుండా పోయింది.

మొదట్లో వాసన వచ్చింది. కొత్త ప్యాడ్లు కొన్నాళ్లు వాసన వస్తాయన్న మాట నిజమే, అందుకని ఆ మాటను పట్టుకున్నాను. కారు బరువుగా లాగుతోందని మా ఆవిడ అంది. రోడ్డు బాగాలేదన్నాను. డీజిలు ఎక్కువ తాగుతోంది, అదీ చూశాను. నమ్మకూడదనుకున్నవాడికి ఎన్ని సాక్ష్యాలు చూపినా చాలవు.

ఆ శుక్రవారం అమ్మను, మా ఆవిడను, పాపను ఎక్కించుకుని వర్ని దగ్గర బడాపహాడ్ దర్గాకు వెళ్లాం. తిరిగి వస్తుంటే బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా కిందికి పోయింది. ఎదురుగా వడ్ల ట్రాలీ. మళ్లీ మళ్లీ తొక్కితే పట్టింది. ఆ క్షణం గురించి ఇంతకంటే రాయలేను. జరిగిందేమిటో మాత్రం చెప్పగలను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్న ఆయిల్‌కు ఆ హద్దు 140 డిగ్రీలే. పట్టేసిన డిస్కు వేడి ప్యాడుకు, ప్యాడు వేడి పిస్టన్‌కు, పిస్టన్ వేడి ఆయిల్‌కు పోతుంది. మరిగిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలి బలమంతా ఆ బుడగలను నలపడానికే పోతుంది. నేను ఎన్నేళ్లుగానో ఆయిల్ మార్పించలేదు.

కారు పక్కకు ఆపి దిగి చూస్తే ఎడమ వెనక చక్రం నుంచి పొగ. దగ్గరికి పోతేనే సెగ తగిలింది. అమ్మ భయపడింది, పాప ఏడ్చింది. నేను సీసాలో ఉన్న తాగే నీళ్లు డిస్కు మీద కుమ్మరించాను. చుయ్యిమని ఆవిరి లేచింది. కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లు పోస్తే ఒకవైపు గబుక్కున ముడుచుకుని వంకర పోతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. ఇది మెకానిక్ చెప్పాల్సిన సంగతి కాదు. వేడి పెనం మీద చన్నీళ్లు పోయొద్దని మా అమ్మ నా చిన్నప్పుడే చెప్పింది.

ఆ తర్వాత నుంచి బ్రేకు తొక్కితే కారు వణకడం మొదలైంది. డిస్కు విప్పి తిప్పి చూస్తే వంకర కళ్లకే కనిపిస్తోంది. నాకు కావలసిన సాక్ష్యం దొరికింది. డిస్కు తీసుకుని నిజామాబాద్ వెళ్లాను. దుకాణంలో వేరే కొనుగోలుదారులు ఉన్నారు. వాళ్ల ముందే గల్లా బల్ల మీద డిస్కు పెట్టి, "డూప్లికేట్ మాల్ అంటగట్టి ప్రాణాల మీదికి తెస్తరా?" అని అరిచాను. ఆయన అరవలేదు. డిస్కు చేతిలోకి తీసుకుని, నీలం రంగుకు తిరిగిన దాని ముఖం మీద వేలు పెట్టి రాసి చూసి, "వేడి మీద నీళ్లేమన్న పోసిన్రా సార్?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్లి కొత్త డిస్కు తెచ్చి ఇచ్చాడు. పైసలు తీసుకోలేదు. గెలిచినవాడిలా బయటికొచ్చాను.

ఇది నాకు ఎందుకు ఇంత బాధగా ఉందో చెప్తాను. ఏటా ఎవరో ఒక రైతు ఖాళీ సీసా తెచ్చి నా గల్లా మీద పెట్టి, "నీ మందు డూప్లికేట్, పురుగు చావలే" అంటాడు. ఎంత మోతాదు పోశావు, ఏ వేళకు కొట్టావు, వాన ఎప్పుడు పడింది అని నేను అడుగుతాను. కొందరు నిజం చెప్తారు, కొందరు చెప్పరు. అక్కడున్న మిగతా రైతులు నా వంక చూసే చూపు నాకు తెలుసు. ఒక మనిషి అన్నేళ్లు పెంచుకున్న నమ్మకం ఆ చూపులో తరిగిపోతుంది. ఆ నొప్పి తెలిసిన నేనే ఇంకో దుకాణదారుకు అదే పని చేశాను. పైగా అదే పెట్టెలోంచి వచ్చిన జోడు డిస్కు, జోడు ప్యాడ్లు కుడి చక్రానికి ఏ గొడవా లేకుండా తిరుగుతున్నాయి. సరుకు చెడ్డదైతే రెండువైపులా చెడాలి కదా. ఆ ప్రశ్న వేసుకుంటే జవాబు నా దగ్గరే ఆగేది, అందుకే వేసుకోలేదు.

కొత్త డిస్కు వేశాక మళ్లీ అదే. అప్పుడు లోపల ఉబ్బి ఉంటుందని హోస్ పైపు మార్చాను. అదీ ఉత్తదే. మాస్టర్ సిలిండర్ మార్చాలని ఖర్చు లెక్క వేసుకుంటుండగా మా ఆవిడ రుద్రూరులో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి పొమ్మంది. పొమ్మనడం కాదు, తానూ కారెక్కి కూర్చుంది.

చాచా బండి చుట్టూ తిరగలేదు, పానా పట్టలేదు. ముందు స్టూలు లాక్కుని కూర్చుని, "ఏమేం విప్పినవ్ బిడ్డా, వరుసగ చెప్పు. ఎవలు చేసిండ్రని అడుగుతలేను, ఏం చేసిండ్రో చెప్పు" అన్నాడు. అంతా చెప్పాను. నీళ్ల సంగతి కూడా. ఆయన ముందు ఎందుకో అబద్ధం రాలేదు.

చక్రం వేడిగా ఉండగానే జాకీ ఎత్తించాడు. చేత్తో తిప్పితే చక్రం తిరగలేదు. క్యాలిపర్ మీది బ్లీడింగ్ నిపిల్ కొద్దిగా వదులు చేశాడు. కొంచెం ఆయిల్ కారింది. చక్రం అప్పటికీ తిరగలేదు. "ఆయిల్ దిగింది, చక్రం ఇడువలే. అంటే పట్టుకున్నది ఆయిల్ కాదు. హోస్ కాదు, మాస్టర్ కాదు" అన్నాడు. నిపిల్ బిగించి, క్యాలిపర్ వెనక చెయ్యి పెట్టి, నా చెయ్యి కూడా అక్కడికి లాగాడు. చేతిబ్రేకు లివరుకూ దాని ఆనుడుకూ మధ్య నా వేలు దూరేంత సందు. లివరు వెనక్కి రాలేదు. తర్వాత కారులోకి వెళ్లి తోలు తొడుగు లేపి, "గీ నట్టు ఎవలు బిగించిండ్రు?" అన్నాడు.

నేను మాట్లాడలేకపోయాను. మా ఆవిడ కిటికీలోంచి నావైపు చూసింది, ఏమీ అనలేదు.

నట్టు వదులు చేశాడు. ఎండిన రేగడి, తుప్పు పట్టిన తీగను చేత్తో లాగి వదిలితే లివరు టక్కుమని వెనక్కి వచ్చింది. చక్రం తిరిగింది, కానీ గీరుకుంటూ. అప్పుడు పిన్నులు తీశాడు. ఒకటి సులువుగా వచ్చింది, రబ్బరు తొడుగున్నది మెలితిప్పి గుంజితేగానీ రాలేదు. ఉబ్బిన తొడుగును నా అరచేతిలో పెట్టాడు. అది మెత్తగా, జిగటగా ఉంది. పిన్నులు రెండూ తారుమారయ్యాయని కూడా చెప్పాడు. గొట్టం తగిలించి నొక్కిన క్లాంపు లోపలి స్క్రూను కూడా గాయపరిచింది, ఆ క్యాలిపర్ చివరికి మార్చాల్సి వచ్చింది. తీగా మార్చాం. నాలుగు చక్రాలకూ కొత్త ఆయిల్ ఎక్కించాడు. చేతిబ్రేకు నట్టును అన్నిటికంటే చివర, కాలి బ్రేకు చాలాసార్లు తొక్కించి స్క్రూ సర్దుకున్నాక, రెండువైపులా లివర్లు ఆనుడు మీద కూర్చున్నాయని చూసి, అప్పుడు బిగించాడు. ఈ వరుస నాకు తెలిసుంటే మొదటి రోజే పని అయిపోయేది. నిపిల్ పరీక్షకు ఒక చిన్న పానా చాలు. పైసా ఖర్చు లేదు. నేను మాత్రం ఒక్కో ముక్క కొంటూ, నేను బిగించినది తప్ప బండిలో ఉన్న ప్రతిదాన్నీ అనుమానించాను.

మర్నాడు నిజామాబాద్ వెళ్లాను. దుకాణంలో ఎవరైనా ఉంటారా అని చూసి, నలుగురు వచ్చేదాకా బయట నిలబడి, అప్పుడు లోపలికి వెళ్లాను. "ఆ రోజు నీళ్లు పోసింది నేనే. మీరు అడిగితే లేదన్నాను. డిస్కు అసలుదే" అన్నాను. డిస్కు డబ్బులు బల్ల మీద పెట్టాను. ఆయన లెక్కపెట్టకుండా గల్లాలో వేసి, "అప్పుడే అనుకున్న సార్. నీలం ఎక్కిన తీరు చూస్తే తెల్వదా" అన్నాడు. తెలిసీ ఎందుకిచ్చారని అడిగాను. "మీ ఎంబడి గిరాకీ ఉండె. వాళ్ల ముంగట ఒక డిస్కు కోసం నేను కొట్లాడితే నాకే నష్టం" అన్నాడు. తర్వాత, ఎడమ పక్కనా కుడి పక్కనా అని అడిగి, నట్టు సంగతి మొత్తం నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. వెనక డిస్కులు కొన్నవాళ్లకు ఇకమీదట చేతిబ్రేకు నట్టు ముందే వదులు చేసుకోమని చెప్తానన్నాడు.

నేను ఒప్పుకున్నప్పుడు అక్కడున్నవాళ్లు వేరేవాళ్లు. నేను డూప్లికేట్ అని అరిచిన రోజు ఉన్నవాళ్లు ఎవరో ఆయనకూ గుర్తులేదు. వాళ్లు ఆ మాట ఎవరెవరికి చెప్పారో తెలియదు. వాళ్లలో ఒకరికైనా ఇది చేరితే, ఆ దుకాణం డిస్కులు మంచివి. నా కారు కుడి చక్రానికి మొదటి రోజు వేసిందే ఇప్పటికీ తిరుగుతోంది.